తువ్వాల కింద దాగని దగ్గు

మిర్చి యార్డులో దగ్గితే ఎవరూ పట్టించుకోరు. రైతు దగ్గుతాడు, హమాలీ దగ్గుతాడు, కొనేవాడు దగ్గుకుంటూనే ధర చెప్తాడు. కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకాయన మా మహబూబాబాద్ యార్డు గేటు దాటగానే కళ్లు తుడుచుకుంటూ వెనక్కి మళ్లాడు. మిగతా మాటలన్నీ ఫోన్‌లోనే మాట్లాడాడు. మాకు ఆ ఘాటే ఊపిరి. అది లేని రోజు బేరం లేని రోజు.

అందుకే నాకు దగ్గు మొదలైనప్పుడు ఎందుకని అడిగినవాళ్లు లేరు.

నా పేరు మనోరమ. ఈ కమీషన్ దుకాణం మా నాయన నుంచి నాకు వచ్చింది. రైతు తెచ్చిన మిర్చిని మంచి ధరకు అమ్మించి పెట్టడం మా పని. గద్దె మీద నేను కూర్చుంటాను. కాంటా, గోదాం మా ఆయన వెంకట్రాజం చూసుకుంటాడు. ఆయన మాట తక్కువ మనిషి. వ్యాపారంలో అది గుణం కిందే జమ అవుతుంది.

మా నాయన కాలంలో ధర నోటితో చెప్పేవారు కాదు. చేతుల మీద తువ్వాల కప్పుకొని, దాని కింద వేళ్లు నొక్కి చెప్పుకునేవారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా బేరం ఎంతకు తెగిందో ఆ ఇద్దరికే తెలిసేది. ఇప్పుడు ధరలు తెర మీద కనిపిస్తున్నాయి. తువ్వాల పోయింది కానీ ఆ అలవాటు పోలేదు. అడిగినదానికే జవాబు చెప్పు, అడగనిది నీ దగ్గరే ఉంచుకో అన్న మాట మా ఇళ్లల్లో పిల్లలకు ఓనమాలకన్నా ముందే వస్తుంది. మా ఆయనకు మరీ బాగా వచ్చింది.

నాకు కిడ్నీలో క్యాన్సర్ అని తెలిసినప్పుడు ఆయన మొదట చేసిన పని తలుపు దగ్గరికి వేయడం. ఒక కిడ్నీ తీసేశారు. అప్పటికే ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు ఉన్నాయి. వాటి కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో సెలైన్‌తో కొత్త రకం మందు ఎక్కించడం మొదలుపెట్టారు. హైదరాబాద్ రైలెక్కిన ప్రతిసారీ, జనగామలో ఉన్న కూతురి దగ్గరికి పోతున్నామని యార్డులో చెప్పాం. సావుకారికి పెద్ద రోగమని తెలిస్తే రైతు సంచులు పక్క దుకాణంలో దించుతాడు. అది పగ కాదు, జాగ్రత్త. రైతు స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

ఆ మందు సంగతి హైదరాబాద్ డాక్టరమ్మ మొదటి రోజే విడమరిచి చెప్పింది. అది కీమో కాదు. గడ్డను నేరుగా చంపదు. మన ఒంటికి కాపలా కాసే కణాలకు క్యాన్సర్ వేసిన కళ్లేన్ని విప్పుతుందంతే. గోదాం కుక్కల గొలుసు విప్పినట్టన్న మాట అన్నాను. ఆమె నవ్వింది.

"అంతేనమ్మా. కానీ గొలుసు విప్పిన కుక్క..."

"హమాలీని గూడ కరుస్తది."

అప్పుడు నవ్వు ఆపింది. ఊపిరితిత్తులను కరవవచ్చు, గుండెను కరవవచ్చు, ఇంకెక్కడైనా కరవవచ్చు అంది. దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా, గుండె దడదడలాడినా ఆగకుండా ఫోన్ చేయమంది. సరేనన్నాం. మందు పనిచేసింది. మచ్చలు కరిగాయి. లాభం కనబడుతున్నప్పుడు ఒప్పందంలోని షరతులు ఎవరికి గుర్తుంటాయి?

సీజన్ మధ్యలో దగ్గు వచ్చింది. మా దుకాణంలో తొడిమలు తీసే లచ్చి బుగ్గన పెట్టుకొమ్మని బెల్లంముక్క ఇచ్చింది. మజ్జిగ తాగమని ఒకరు, గుడ్డ కట్టుకొమ్మని ఒకరు చెప్పారు. మా ఆయన అయితే, ఈసారి సరుకులో ఘాటు ఎక్కువుందని, మంచి ధర వస్తుందని సంతోషపడ్డాడు.

ఉగాదికి యార్డు వరుసగా కొన్ని రోజులు మూతపడింది. చెప్పుకున్న అబద్ధాన్ని ఒక్కసారైనా నిజం చేద్దామని జనగామకు, మా అలేఖ్య ఇంటికి వెళ్లాను. దాని ఇల్లు ఎరువుల దుకాణం మీద అంతస్తులో ఉంది. మెట్ల మధ్యలో నాకు ఊపిరి అందలేదు. గోడ పట్టుకొని నిలబడ్డాను. అక్కడ మిర్చి లేదు, ఘాటు లేదు. పచ్చడిలోకి వేపపువ్వు వేయించిన వాసన ఒక్కటే. దగ్గు మాత్రం యార్డులో ఉన్నట్టే ఉంది.

అప్పుడు నాకు లెక్క తెలిసింది. దుకాణం మూసిన రోజు కూడా ఖర్చు ఆగలేదంటే ఆ ఖర్చు దుకాణానిది కాదు. యార్డు మూసినా దగ్గు ఆగలేదంటే అది మిర్చిది కాదు. నాది.

ఆ సాయంత్రమే అలేఖ్య నన్ను దగ్గర్లోని దవాఖానకు తీసుకెళ్లింది. ఎక్స్‌రే తీసి, అది చాలదని సీటీ స్కాన్ తీశారు. నన్ను బయట మంచం మీద పడుకోబెట్టి ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. మా ఆయన మహబూబాబాద్ నుంచి రైలులో వచ్చి, డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్లి, ఒక్కడే బయటికి వచ్చాడు. కొంచెం నిమ్ము చేసిందట, మాత్రలిచ్చారు అన్నాడు. నాలుగు మాటలు. అందులో ఒక్కదానికీ బరువు లేదు.

ఆ రాత్రే నన్ను అలేఖ్య ఇంటికి తెచ్చేశారు. తెల్లవారి మా ఆయన అన్న దుర్గయ్య బావ అక్కడికి కిరాయి కారు తీసుకొని దిగాడు. అందరం కాళేశ్వరం పోదామన్నాడు. గోదావరిలో స్నానం, ముక్తేశ్వరుడి దర్శనం. నేను మా ఆయన మొహం చూశాను. మిర్చి సీజన్‌లో మా ఇంట్లో పెళ్లిళ్లు కూడా పెట్టుకోరు. ఎండకాలం నడుమ దుకాణం వదిలి అంత దూరం దేవుడి దగ్గరికి తీసుకెళ్తామన్నారంటే అది నిమ్ము కాదు. వంటింట్లో అలేఖ్యను నిలబెట్టి అడిగాను. ముందు ఏడ్చింది, తర్వాత చెప్పింది. ఊపిరితిత్తులు రెండువైపులా తెల్లబారాయట. కిడ్నీ క్యాన్సర్ అక్కడిదాకా పాకిందని డాక్టరు అన్నాడట. ఇక మందులతో సతాయించకండి, ఇంటి దగ్గర ఇష్టమైనవి పెట్టండి అన్నాడట.

మందు ఎక్కుతున్న ఒంట్లో, మచ్చలు కరుగుతున్న ఊపిరితిత్తుల్లో, రోగం ఉన్నట్టుండి ఇంతగా ఎట్లా పాకింది? లెక్క ఎక్కడో తప్పింది. ఎక్కడ తప్పిందో మాత్రం తోచలేదు. మంచం మీద పడుకొని ఆలోచించడం నాకు చేతకాదు. సరే, కారెక్కుతాను, కానీ తోవలో భూపాలపల్లికి ఇవతల చిట్యాల దగ్గర వాల్యా మిర్చి చూసి పోవాలి అన్నాను. వాల్యా చాలా ఏళ్లుగా మా దుకాణానికే సరుకు తెచ్చే రైతు. అకాల వానకు పంట తడిసిందని, వచ్చి చూడమని ఫోన్ చేసి ఉన్నాడు. బావ విసుక్కున్నాడు. చావబోయే మనిషి మాట కాదనకూడదని ఊరుకున్నాడు.

తండా దాటిన తర్వాత చెలకలో వాల్యా కల్లం. రెండు కుప్పలు పోసి ఉన్నాయి. రెండూ పైన తెల్లగా పాలిపోయాయి. బావ కారులోంచే చూసి, అంతా తాలేనని, కొనేవాడు దొరకడని తేల్చేశాడు. వాల్యా పెళ్లాం చంద్రి తమ లంబాడి భాషలో ఏదో గొణిగింది. వాల్యా మాత్రం నా వైపే చూశాడు.

"గాయిన చూసి చెప్పిండు. నువ్వు ఇప్పి చెప్పు, సావుకారమ్మా."

అలేఖ్య భుజం పట్టుకొని కుప్ప దగ్గరికి వెళ్లాను. చెయ్యి లోపలికి పెట్టి ఒక కాయ తీసి విరిచాను. గింజ పచ్చగా గలగలమంది. పైన రంగే పోయింది, లోపల చెడలేదు. రెండో కుప్పలో ఒకటి విరిచాను. గింజల చుట్టూ నల్లటి బూజు. అది కుళ్లు. పైనుంచి చూస్తే రెండూ ఒకే తెలుపు. కారణాలు మాత్రం వేరు. ఇది మిర్చి వ్యాపారంలో మొదటి పాఠం. పాతికేళ్లుగా రోజూ చేస్తున్న పనే.

ఆ రోజు మాత్రం కాయ చేతిలోనే ఉండిపోయింది. నా ఊపిరితిత్తులను ఎవరైనా విరిచి చూశారా?

మా ఆయన కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"జనగామల డాక్టరుకు ఏం చెప్పినవ్?"

"అడిగింది చెప్పిన."

"ఏమడిగిండు?"

"కిడ్నీ క్యాన్సరా అన్నడు. అవునన్న. ఆపరేషన్ అయిందా అన్నడు. అయిందన్న."

"మందు సంగతి?"

"కీమో నడుస్తుందా అన్నడు. గసుమంటిదే అన్న."

"గసుమంటిదే."

"గా దవాఖానల కంపౌండరు మన రైతు కొడుకే, మనోరమా. మందు పేరు, హైదరాబాద్ పేరు చెప్తే తెల్లారేసరికి యార్డంత తెలుస్తది."

లెక్క తప్పింది అక్కడ. అడిగినవాడికి సగమే తెలుసు, తెలిసినవాడు సగమే చెప్పాడు. ఆ రెండు సగాల మధ్య నాకు చావు ఖాయం చేశారు.

"నా ఊపిరిని తువ్వాల కింద పెట్టి బేరం చేసినవ్," అన్నాను. ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి. మిర్చి కల్లంలో అది కూడా ఎవరూ పట్టించుకోరు.

అక్కడి నుంచే హైదరాబాద్‌కు ఫోన్ చేయించాను. డాక్టరమ్మ లైన్లోకి రాగానే మొత్తం చెప్పాను. దగ్గు ఎప్పుడు మొదలైంది, మెట్ల మీద ఏమైంది, జనగామలో ఏమన్నారు, అంతా. ఆమె గుండె దడ ఉందా అని అడిగింది. ఉందేమో, ఆయాసంలో తెలియలేదన్నాను. స్కాన్ ఫిల్ములు ఫోటో తీసి పంపమంది, కానీ జవాబు కోసం ఆగకుండా బయల్దేరమంది. తోవలో ఊపిరి ఇంకా కష్టమైతే వరంగల్‌లో ఏదైనా పెద్ద దవాఖానలో దిగి, అక్కడి డాక్టరుతో తనకు ఫోన్ చేయించమంది.

కారు మళ్లించమన్నాను. దుర్గయ్య బావ తలుపు పట్టుకొని నిలబడ్డాడు. దేవుడి తోవలో వెనక్కి మర్లితే అరిష్టమన్నాడు. రాసిపెట్టిందాన్ని ఎవరు తప్పిస్తారు, ఉన్న నాలుగు రోజులు మనశ్శాంతిగా ఉండనీయమని తమ్ముడికి చెప్పాడు, నాకు కాదు.

"రాసింది నాకు చూపెట్టు బావా, చదువుకుంట. గా ఫిల్ము గూడ నాకు చూపెట్టకుంటనే అందరు తీర్పు చెప్తిరి."

"దేవుని కన్న డాక్టర్లు ఎక్కువనా?"

"దేవుడు గోదారి ఒడ్డునే ఉంటడు, యాడికీ పోడు. పోయేది నేను. అందుకే నా పని ముందు. ఆడ ముక్తి ఇస్తరట గదా, నేను అడగలే."

చంద్రి ఫక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ ముందు సీట్లో కూర్చొని తలుపు గట్టిగా వేసుకున్నాడు. కారు ఆయన మాట్లాడిందే కాబట్టి హైదరాబాద్ దాకా మాతోనే రావాల్సి వచ్చింది. భూపాలపల్లి వైపు తిరగాల్సిన బండి పరకాల వైపు తిరిగింది. మా ఆయన వెనక సీట్లో నా చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు. ఈసారి పైన ఏ గుడ్డా లేదు.

దవాఖానలో ముందు ఆక్సిజన్ పెట్టారు, రక్తం తీశారు, ఛాతీకి తీగలు అతికించారు. సీటీ బొమ్మ నాకు చూపించి చెప్పండి అన్నాను. డాక్టరమ్మ తెరను నా మంచం వైపు తిప్పింది.

"క్యాన్సర్ పాకితే గింజలు చల్లినట్టు గుండ్రటి మచ్చలు కనబడతాయమ్మా. ఇది చూడండి. అద్దం మీద ఊపిరి ఊదితే పట్టే మసకలాగా ఉంది. వెనక రక్తనాళాలు కూడా కనబడుతున్నాయి. ఇది వాపు. మందు వల్ల వచ్చిందని నా అనుమానం. ఇన్ఫెక్షన్ కాదని రూఢి చేసుకోవాలి."

"నా పాత మచ్చలు ఏవి?"

వేలితో చూపించింది. వెతికితే తప్ప కనబడనంత చిన్నవయ్యాయి. అంటే కుక్కలు దొంగను తరిమాయి, ఆ ఊపులోనే నన్నూ కరిచాయి. చావని మనిషికి చావు ఖాయం చేసి, పనిచేసిన మందును దండగ ఖాతాలో రాశారు.

అంతటితో డాక్టరమ్మ లేచి వెళ్తుందనుకున్నాను. కానీ ఆమె రక్తపరీక్ష చూసి గుండె సంగతి ఎత్తింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం ఎక్కువగా ఉందట. గుండెకు ఎకో తీశారు. కొట్టుకోవడం బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే ఇంకా పరీక్షలెందుకని మా ఆయన అడిగాడు. అడగనిది కూడా మాట్లాడటం ఆయన అప్పుడే మొదలుపెట్టాడు. ఊపిరితిత్తుల వాపు దగ్గై బయటపడుతుంది, గుండె వాపు చప్పుడు చేయకుండా లోపలే పని ముగిస్తుంది అని ఆమె చెప్పింది. ఎకోలో కదలిక తెలుస్తుంది, కండరం లోపల ఏముందో ఎంఆర్ఐలో తెలుస్తుంది అంది. కాయను విరిచి చూడటమేగా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు కానీ తలూపింది.

ఉన్నది ఒక్క కిడ్నీ కాబట్టి ముందు దాని పనితనం చూసుకొని, తర్వాత రంగు మందు ఎక్కించి గొట్టంలాంటి యంత్రంలోకి తోశారు. లోపల చప్పుడు మా ఊరి కారం గిర్నిలా ఉంది. ఊపిరి బిగబట్టు అంటారు, వదులు అంటారు. బిగబట్టేంత ఊపిరి నా దగ్గర లేదు. ఉన్నంతలో సర్దాను. చచ్చేదాన్నే అయితే ఇంత కష్టం ఎందుకు పడతానని పళ్లు బిగించాను.

ఆ బొమ్మ కూడా చూపించారు. గుండె గోడ బయటి అంచు వెంట తెల్లటి గీత. అది వాపు. డాక్టరమ్మ అప్పటికే స్టెరాయిడ్ మొదలుపెట్టింది, ఆ గీత చూశాక మోతాదు పెంచింది. నన్ను గుండె చప్పుడు తెర మీద కనబడే గదిలోకి మార్చారు. ఇంకొన్నాళ్లు మిర్చి అనుకుంటూనో, కాళేశ్వరం గదిలో పడుకొనో ఉంటే ఏమయ్యేదని దుర్గయ్య బావే అడిగాడు. ఆమె చెప్పిన జవాబు విని ఆయన క్యాంటీన్‌కు వెళ్లి, అందరికీ టీ తెచ్చాడు. నాకు ఇవ్వకూడదన్నారు కాబట్టి నా టీ కూడా ఆయనే తాగాడు.

వారం తిరగకముందే ఆక్సిజన్ తీసేశారు. ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుంది. ఒక్క ఊపిరితిత్తులే అయితే మళ్లీ ఆలోచించేవాళ్లమని, గుండె కూడా తగిలింది కాబట్టి ఆ మందు ఇక నాకు లేదని చెప్పింది.

"మరి గడ్డ?"

"ప్రస్తుతం అణిగి ఉంది. స్కాన్లు తీస్తూ కనిపెట్టి ఉంటాం. మళ్లీ లేస్తే వేరే మందులున్నాయి. లేవదని మాత్రం నేను మాట ఇవ్వలేను."

"మాట వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవ్, గది చాలు."

కొంత పోయింది, కొంత మిగిలింది. మిగిలినదానితో దుకాణం తెరవడమే వ్యాపారం.

సీజన్ ముగియకముందే యార్డులో కూర్చున్నాను. ముక్కుకు మందంగా గుడ్డ కట్టుకున్నాను. ఘాటున్న చోట రోజంతా కూర్చోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పొద్దున బేరాల వేళ వరకే అని ఆమెతో ఒప్పందం చేసుకున్నాను. స్టెరాయిడ్లతో మొహం బూరెలా పొంగింది. కొనడానికి వచ్చిన గోప్యా అది చూసి, సావుకారమ్మ కూతురింట్ల మంచిగ తిన్నట్టుందని నవ్వాడు. నేను నోరు తెరిచేలోపు కాంటా దగ్గర మా ఆయన భుజం మీది తువ్వాల తీసి కొక్కేనికి తగిలించాడు.

"తిని కాదు. క్యాన్సర్. కిడ్నీల లేచింది. హైదరాబాద్‌ల మందు ఎక్కిచ్చినం. గా మందుతోని ఊపిరితిత్తులు వాచినయి, గుండె గూడ వాచింది. స్కాన్ల దొరికింది. మందు ఆపినం. మనిషి ఉంది."

పెళ్లయినప్పటి నుంచి ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. హమాలీలు బస్తాలు భుజాల మీదే ఉంచుకొని నిలబడ్డారు.

మధ్యాహ్నానికల్లా కొందరు రైతులు సంచులు పక్క దుకాణానికి మార్చుకున్నారు. మార్చుకోమన్నాను. లచ్చి వాళ్లను చాటుగా తిట్టింది, తిట్టొద్దన్నాను. వాల్యా మాత్రం రెండు కుప్పలూ వేరు వేరుగా నింపుకొని వచ్చాడు. కుళ్లింది పక్కన పెట్టించి, రంగు పోయినదాన్ని రంగు పోయిందనే చెప్పి, దాని ధరకు దాన్ని అమ్మించాను.

బస్తా మూతి విప్పుతుంటే ఘాటు గుడ్డలోంచి కూడా గొంతులో తగిలింది. దగ్గు వచ్చింది. యార్డు మొత్తం చప్పుడు ఆపి నా వైపు తిరిగింది. మిర్చి యార్డులో ఒక దగ్గుకు అందరూ తలతిప్పడం నేను ఎన్నడూ చూడలేదు. మా ఆయన అప్పటికే జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇది మిర్చిదే," అన్నాను. "కాంటా పెట్టున్రి."

హమాలీలు కాంటా పెట్టారు. మా ఆయన మాత్రం ఫోన్ లోపల పెట్టలేదు. అవతల హైదరాబాద్ దవాఖానలో ఎవరో ఎత్తారు. ఆయన మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.